కాగితం, జిగురు, గోదావరి గాలి: కోనసీమలో రెండు రోజుల మిక్స్‌డ్ మీడియా శిబిరం

రాజోలు వైపు ఒక కాలువగట్టు ఊళ్ళో పాత మండువా లోగిలిని బాగుచేయించుకుని, భార్యాభర్తలిద్దరు రెండు రోజుల మిక్స్‌డ్ మీడియా శిబిరాలు నడుపుతున్నారు. మనిషికి 3,200 రూపాయలు తీసుకుంటారు. మధ్యాహ్న భోజనం, టీ, అక్కడ వాడుకునే రంగులు, కాగితాలు అందులోనే. ఇంటికి తెచ్చుకునే సామగ్రి పెట్టె కావాలంటే మరో 1,850 ఇవ్వాలి. ఆగస్టులో వరద తగ్గి, నరసాపురం – సఖినేటిపల్లి రేవులో పంటు (మనుషుల్ని, బళ్ళని గోదావరి దాటించే పడవ) మళ్ళీ తిరగడం మొదలైన మూడో రోజున, నేను రెండూ కలిపి 5,050 కట్టి వెళ్ళాను. అచ్చులు వేయడం నేర్చుకోవడానికి ఆ డబ్బు దండగ కాదు; అతికించడం నేర్చుకోవడానికి మాత్రం ఆ రెండు రోజులూ చాలవు; సామగ్రి పెట్టె అసలు కొనవద్దు. ఈ మాటలు ఎందుకంటున్నానో కింద వివరంగా రాస్తున్నాను. వాళ్ళ పేరు, ఊరి పేరు మాత్రం రాయడం లేదు. పన్నెండు మందికి మించి చోటు లేని ఇల్లు అది, ఇందులో మెప్పు ఎంత ఉందో ఫిర్యాదూ ఇంచుమించు అంతే ఉంది.

మిక్స్‌డ్ మీడియా అనే మాట కొత్తవారికి బరువుగా వినిపిస్తుంది గాని పని అంత బరువైనది కాదు. గట్టి అట్ట మీదో చెక్క పలక మీదో ముందు రంగు పూతలు వేస్తారు. విడిగా, చేత్తో అచ్చు వేసిన కాగితాలు తయారు చేసుకుంటారు. వాటిని చింపి, కత్తిరించి, అతికిస్తారు. పైన స్టెన్సిల్‌తో, అంటే ఆకారం కోసి తీసిన రేకుతో, ఇంకో పొర వేసి, గీతలతో ముగిస్తారు. 1912లో పికాసో, కుర్చీ పేము అల్లికను అచ్చు వేసిన ఆయిల్‌క్లాత్ ముక్కను తన చిత్రంలో అతికించి, అంచు చుట్టూ తాడు బిగించాడు. మన భోజనాల బల్లల మీద పరిచే ఆయిల్‌క్లాత్ వంటిదే అది. అంటే కొలాజ్ (ముక్కలు అతికించి చేసే బొమ్మ) పుట్టిన నాడే అచ్చు దానికి తోడుగా ఉంది. ఈ శిబిరం నిర్వాహకులకు ఆ సంగతి బాగా తెలుసు. పత్రికల్లోంచి సినిమా తారల బొమ్మలు కత్తిరించి అతికించే కొలాజ్ ఇక్కడ నేర్పరు. అతికించబోయే ప్రతి ముక్కనూ మన చేతే తయారు చేయిస్తారు. రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు (1897–1925) చిత్రశాలను చిన్నప్పటి నుంచి చూస్తూ, బొమ్మ అంటే కుంచెతో వేసేదేనని స్థిరపడిపోయిన నాబోటి నీటిరంగుల వాళ్ళకు ఈ పద్ధతికి అలవాటు పడడానికి ఒక పూట పట్టింది.

మొదటి రోజు ఉదయమంతా జెల్ ప్లేటుతోనే గడిచింది. మాస్టారు (అందరూ ఆయనను అలాగే పిలుస్తారు, ఆయన భార్యను అమ్మగారు అంటారు) తన ప్లేట్లు తానే పోసుకుంటారు. కప్పున్నర గ్లిసరిన్, కప్పున్నర నీళ్ళు, సుమారు 85 గ్రాముల జెలటిన్ పొడి కలిపి, ఉండలు కట్టకుండా సన్నని సెగ మీద కరిగించి, అంచులున్న పళ్ళెంలో పోసి, పైకి తేలిన బుడగలను పత్రిక కాగితపు పట్టీతో ఒక పక్కకు లాగేశారు. గట్టిపడ్డాక దాన్ని తాకితే తాటిముంజెలా చల్లగా, మెత్తగా ఉంటుంది; వేలితో నొక్కితే దిగి, తీయగానే లేస్తుంది. దాని మీద ఆక్రిలిక్ రంగును రబ్బరు రోలరుతో పలచగా పరిచి, ఆకో దారమో స్టెన్సిలో పెట్టి, కాగితం కప్పి అరచేత్తో రాసి లాగితే అచ్చు దిగుతుంది. ప్రెస్సు అక్కర లేదు, చెక్క మీద చెక్కడం అక్కర లేదు. అయితే ఒక్కో అచ్చు ఒక్కసారే వస్తుంది. అలాంటిదే మరొకటి కావాలన్నా రాదు.

అంబాజీపేట నుంచి వచ్చిన ఒకావిడ, "జెలటిన్ పశువుల ఎముకల్లోంచి తీస్తారట కదండీ మాస్టారూ, నేను ముట్టుకోనండి" అన్నారు. ఆయన చిన్నబుచ్చుకోలేదు. మినరల్ ఆయిల్‌తో తయారైన కృత్రిమ ప్లేటు ఒకటి లోపలి నుంచి తెచ్చి ఆవిడ ముందు పెట్టి, "ఆయ్, మీలాంటి వాళ్ళ కోసమే ఇది ఉంచానండి, ఇందులో ఆ బాధ లేదు" అన్నారు. నేను రెండింటి మీదా వేసి చూశాను. ఇంట్లో పోసిన ప్లేటు మీద సన్నని ఈనెలు కూడా స్పష్టంగా దిగాయి, అందులో సందేహం లేదు. కాని గ్లిసరిన్‌కు గాలిలోని తేమను పీల్చే గుణం ఉంది. మధ్యాహ్నం వాన పట్టుకుని, మండువాలోంచి చల్లగాలి కొట్టడం మొదలయ్యేసరికి ఆ ప్లేటుకు చెమట పట్టింది. రంగు అక్కడక్కడా అంటుకోకుండా జారిపోయింది. కృత్రిమ ప్లేటుకు ఏమీ కాలేదు. పాత గుడ్డతో అద్దుకుంటూ పని నడిపించాను గాని, చెమట ఎందుకు పట్టిందో, ఏ కాలంలో ఏ ప్లేటు వాడాలో ఎవరూ చెప్పలేదు. ఎండాకాలంలో దీనికి వేరే గండం ఉంది. నీళ్ళతో మాత్రమే చేసిన జెలటిన్ 35 డిగ్రీల దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. గ్లిసరిన్ కలిపినది కొంత ఎక్కువ ఓర్చుకున్నా, మే నెలలో కిటికీ పక్కన పెట్టి మరచిపోతే పళ్ళెం అడుగున ద్రవమే మిగులుతుంది. మళ్ళీ కరిగించి పోసుకోవచ్చు కనుక నష్టం లేదు, అంతే.

రంగు ఎంత వేయాలన్న విషయంలో మాస్టారు నిజంగా మంచి గురువు. "శనగగింజంత చాలండి, శనగగింజంత" అని ఆయన ఆ రెండు రోజుల్లో ఎన్నిసార్లు అన్నారో లెక్క లేదు. అందరం మొదట ఉసిరికాయంత వేశాం. అచ్చు బురదలా వచ్చింది. అప్పుడు ఆయన అందరినీ మాట్లాడవద్దని చెప్పి, రోలరు చప్పుడు వినమన్నారు. రంగు ఎక్కువైతే రోలరు తడి చెప్పులతో నడిచినట్టు చప్పరిస్తుంది. సరిగ్గా పరుచుకున్నప్పుడు మాత్రం ఎక్కడో దూరాన వాన పడుతున్నట్టు సన్నగా, ఒకే తీరుగా వినిపిస్తుంది. ఆ చప్పుడు ఒకసారి చెవికి పట్టాక నేను మళ్ళీ రంగు ఎక్కువ వేయలేదు. ఎన్నో వీడియోలు చూసి కూడా నాకు తెలియని సంగతి ఇది, 3,200లో సగం దీనికే చెల్లు పెట్టుకున్నాను.

మా వైపు గాలి వల్ల ఒక మేలు కూడా ఉందని ఇక్కడ చెప్పాలి. ఆక్రిలిక్ రంగు ఆరడమంటే అందులోని నీరు ఆవిరైపోవడమే. పొడి వాతావరణంలో పని చేసేవారు రంగు ప్లేటు మీదే ఆరిపోతుందని హడావిడి పడుతూ ఉంటారు. వానాకాలపు కోనసీమలో మనకు నింపాదిగా ఆకులు పేర్చుకునేంత వ్యవధి దొరుకుతుంది. ఒక పొరను కావాలని ప్లేటు మీదే పూర్తిగా ఆరనిచ్చి, దాని పైన వేరే రంగు పలచగా పరిచి, రెండింటినీ ఒకే కాగితం మీదకు లాగే పద్ధతి ఒకటుంది. దానికి మాత్రం ఫ్యాను కింద అరగంట కాచుకుని కూర్చోవాలి. టీ ఆ సమయానికే వచ్చేది.

ఏ వస్తువుతో అచ్చు వేస్తే బాగుంటుందో ఎవరికి వారే ఇంటి నుంచి తెచ్చుకోమన్నారు. నేను మా మేనత్త అల్లిన లేసు ముక్క ఒకటి తీసుకెళ్ళాను. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల వెంట వచ్చిన ఆ అల్లిక నరసాపురం చుట్టుపక్కల వేల మంది ఆడవాళ్ళకు చేతిపని అయింది; మా ఇంట్లోనూ పాత ట్రంకు పెట్టె నిండా అవే. ముదురు నీలం పరిచిన ప్లేటు మీద ఆ ముక్కను వేసి, కాగితం కప్పి లాగితే మొదటి అచ్చులో లేసు తెల్లటి నీడగా మిగిలి, చుట్టూ నీలం పడింది. బాగానే ఉందనుకుని ప్లేటు తుడవబోతుంటే అమ్మగారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. లేసును మాత్రం పైకి తీసి, ప్లేటు మీద మిగిలిన రంగుపై ఇంకో కాగితం వేయించారు. ఆ రెండో అచ్చులో దారం మెలికలు, ముడులు, మా మేనత్త ఒక చోట లెక్క తప్పి అదనంగా వేసిన గొలుసు కుట్టుతో సహా కనిపించాయి. మొదటి అచ్చులో ఆకారం ఒక్కటే వచ్చింది. నూలును నూలుగా చూపించింది రెండోదే. అప్పటి నుంచి నేను మొదటి అచ్చును ఖాకీ కాగితం మీద తీసి పక్కన పడేసి, రెండో దాని కోసమే మంచి కాగితం వాడుతున్నాను. లేసును మాత్రం వెంటనే నీళ్ళలో వేయాలి. ఆక్రిలిక్ ఆరితే అది ప్లాస్టిక్ పొర అయిపోతుంది, ఇక ఏ సబ్బుకూ వదలదు.

కొబ్బరి మట్ట మొదట్లో వలలా అల్లుకుని ఉండే పీచు, గోనె గుడ్డ, పొట్టు తీయని వడ్లు, బెండకాయ ముక్కలు, ఇలా ఎవరు తెచ్చింది వారు వేశారు. రావులపాలెం నుంచి వచ్చిన కుర్రాడు అరటి ఆకు మట్టను అడ్డంగా కోసి తెచ్చాడు. దాని లోపల గళ్ళు గళ్ళుగా ఉండే గాలి అరలు చక్కటి తేనెపట్టు అచ్చునిస్తాయి. అచ్చు వేసినప్పుడు లేత పసుపుగా ఉన్న కాగితం సాయంత్రానికి అంచుల వెంట గోధుమ రంగుకు తిరిగింది. అది అరటి కర! గుడ్డకు అంటితే ఎవరి వల్లా పోదని తెలిసిన మనమే కాగితం మీద దాన్ని మరచిపోయాం. కుర్రాడు నొచ్చుకున్నాడు గాని, నా దృష్టిలో అతను వేసిన పసుపు కంటే ఆ కర రంగే అందంగా ఉంది.

మధ్యాహ్నం స్టెన్సిల్. ఈ పూట కూడా మెచ్చుకోదగ్గదే. కొన్న స్టెన్సిళ్ళను మాస్టారు దగ్గరికి రానివ్వరు. పాత ఎక్స్‌రే ఫిల్ములను బ్లీచింగ్ నీళ్ళలో నానబెట్టి, నల్లటి పూతను కడిగేసి, ఆ పారదర్శకమైన రేకులనే అందరికీ పంచారు. నిర్మాణం చెప్పడానికి ఆయన తెచ్చి చూపించిన వస్తువు నాకు చాలా నచ్చింది: రైసుమిల్లులో గోనె సంచుల మీద మార్కా వేసే పాత తగరపు రేకు. వరి పండే ఈ డెల్టాలో పుట్టిన వాళ్ళందరూ చూసిన వస్తువే గాని, అదీ స్టెన్సిలేనని ఎవరికీ తట్టలేదు. అక్షరాల మధ్య రేకు ఎక్కడెక్కడ తెగకుండా ఉంచారో వేలు పెట్టి చూపించారు. ఆ మాట పూర్తిగా చెవికెక్కకుండానే నేను ‘గోదావరి’ అని రాసి కోయడం మొదలుపెట్టాను. ‘గో’, ‘దా’ గట్టెక్కాయి. ‘వ’ పొట్ట చుట్టూ కట్టరు తిప్పేసరికి లోపలి గుండ్రటి ముక్క ఊడి ఒళ్ళో పడింది. ‘రి’ దగ్గర రెండు ముక్కలు పడ్డాయి. ఇంగ్లీషులో ఏడెనిమిది అక్షరాలకే ఈ చిక్కు వస్తుంది గాని, గుండ్రదనమే ప్రాణమైన మన లిపిలో సున్నాతో మొదలుపెట్టి సగం వర్ణమాలకు లోపల ద్వీపాలున్నాయి. ప్రతి ద్వీపానికీ కనీసం రెండు చోట్ల సన్నని వంతెన వదలాలి, ఆ వంతెనలు అక్షరం అందాన్ని చెడగొట్టని చోట ఉండాలి. మార్కా రేకు కోసిన పనివాడికి అది చేతిలో విద్య. నాకు మూడు ఫిల్ములు పాడయ్యాక వచ్చింది.

రంగు అద్దేటప్పుడు స్పాంజిని ముందు పాత కాగితం మీద కొట్టి, ఇక రంగు లేదేమో అనిపించేంత పొడిగా చేసుకుని, నిలువుగా తట్టాలి. పక్కకు రాస్తే రంగు రేకు కిందికి దూరి అంచు పాడవుతుంది. సంక్రాంతికి అమ్మే చిల్లుల ముగ్గు జల్లెళ్ళు కూడా ఇదే పనికి వాడవచ్చని అమ్మగారు చూపించారు. చుక్కలు మరీ ఒకే తీరున పడి, అవి ముగ్గు జల్లెడ చుక్కలని చూడగానే తెలిసిపోతాయి కాబట్టి నాకు అంత రుచించలేదు.

భోజనం సంగతి ఒక్క మాటలో చెప్పవచ్చు: పనసపొట్టు కూర కోసమైనా మళ్ళీ వెళ్ళవచ్చు. మండువా వెలుతురు పనికి అనుకూలం, సాయంత్రం నాలుగు దాటాక చాలదు. కరెంటు రెండుసార్లు పోయింది, ఇన్వర్టరు ఫ్యాన్లకు మాత్రమే ఉంది. కట్టర్లు, సర్జికల్ బ్లేడ్లు బల్లల మీద విచ్చలవిడిగా ఉంటాయి కనుక పన్నెండేళ్ళ లోపు పిల్లల్ని తీసుకెళ్ళకండి.

ఇక రెండో రోజు. నా అసంతృప్తి అంతా దాని మీదే.

కొలాజ్‌కు ఎంచుకున్న అట్ట సుమారు అడుగు పొడవుది. నేను చేయదలచిన దానికి ఒక కారణం ఉంది. 1986 ఆగస్టు వరదలో లంకలో ఉన్న మా ఇంట్లోకి నీరు వచ్చినప్పుడు మా నాన్నగారి కొబ్బరి లెక్కల చిట్టా పెట్టె అడుగున తడిసిపోయింది. దాని పుటలన్నింటి మీదా ఒకే ఎత్తున ఒక గోధుమ రంగు గీత ఉంది. ఆ గీత ఉన్న పుటను, లేసు అచ్చులను కలిపి ఒక పలక చేయాలనుకున్నాను. అసలు పుటను అతికించవద్దని, జిరాక్స్ తీసి వాడుకోమని అమ్మగారు ముందే ఫోనులో చెప్పారు. అది తెలివైన సలహా. జిరాక్స్ యంత్రపు పొడి సిరా జిగురుకు చెదరదు. ఇంటి ఇంక్‌జెట్ ప్రింటరుతో తీసిన ఫొటో తెచ్చిన ఒకాయనకు, కుంచె తగలగానే వాళ్ళ తాతగారి పంచె నీలిరంగుకు తిరిగింది.

అతికించే పద్ధతికి మాస్టారు కేటాయించింది నలభై నిమిషాలు. తెల్ల జిగురులో సగానికి సగం నీళ్ళు కలిపి, వెడల్పాటి కుంచెతో అట్టకు పూసి, కాగితం పరిచి, పైన మళ్ళీ అదే పూయమన్నారు. జిగురును అంత పలచన చేస్తే కాగితం ముందు సాగుతుంది, ఆరాక లాక్కుంటుంది. ఒక వైపే తడిసిన అట్ట పొట్ట ఉబ్బి వంగుతుంది. బయట వాన, లోపల పన్నెండు తడి పలకలు, గాలిలో ఎక్కడా పొడి లేదు. రెండు హెయిర్ డ్రయ్యర్లతో పన్నెండు మందిమి వంతులు వేసుకున్నాం. పైన ఆరినట్టు కనిపించింది, లోపల ఆరలేదు. అట్ట వెనుక కూడా కాగితం అతికించి లాగుడును సరిచేయాలని గాని, బటర్ పేపరు మధ్య పెట్టి బరువు కింద ఒక రాత్రి ఉంచాలని గాని, ఆరిన ఆక్రిలిక్ కూడా ఈ ఉక్కలో జిగటగానే ఉండి ఒక పలక మరో పలకకు అంటుకుంటుందని గాని, ఒక్క మాట రాలేదు. నేను అడిగితే, "ఎండలో పెడితే సర్దుకుంటుందండి" అన్నారు. ఆగస్టులో ఎండ ఎక్కడి నుంచి తేవాలి?

కూర్పు విషయంలోనూ అంతే. "మీ మనసుకు ఎలా తోస్తే అలా పెట్టండి" అనడం వినడానికి ఉదారంగా ఉంటుంది, నేర్చుకోవడానికి వచ్చిన వారికి మాత్రం ఏమీ చేతికి రాదు. అందరి పలకల మీదా అన్ని అచ్చులూ కిక్కిరిసిపోయాయి; ముందు రోజంతా కష్టపడి చేసిన కాగితాల్లో ఒక్కటి వదిలేయడానికీ ఎవరికీ మనసొప్పలేదు. ఈ పూటలో పనికొచ్చిన మాట ఒక్కటే, అదీ అమ్మగారిదే. పలకను ఫోనుతో నలుపు తెలుపు ఫొటో తీసి చూడమన్నారు. రంగుల్లో ఎంతో తేడా ఉందనుకున్న నా నీలం లేసు, ఇటుకరంగు వడ్ల అచ్చు ఆ ఫొటోలో ఒకే బూడిదరంగు ముద్దగా కనిపించాయి. వడ్ల అచ్చును తీసేసి, అక్కడ దాదాపు తెల్లగా ఉన్న చిట్టా పుటను పెట్టాకే నీటి గీత కంటికి ఆనింది.

ఆత్రేయపురం నుంచి వచ్చిన ఒకమ్మాయి పూతరేకును కాగితంగా వాడదామని రెండు రేకులు తెచ్చింది. ఆ ఆలోచన నాకెంతో నచ్చింది, అంత పలచటి తెల్లటి పొర మరే కాగితంలోనూ రాదు. జిగురు తగిలిన మరుక్షణం అది నోట్లో వేసుకున్నట్టే కరిగిపోయింది. రెండో రేకును అందరం పంచుకుని తినేశాం.

పలక ఇంటికి తెచ్చిన మూడో వారానికి దాని మధ్యలో బొబ్బ లేచింది, కింది అంచు అట్ట నుంచి విడిపోయింది, వెనుక సన్నగా బూజు వాసన వచ్చింది. నాతో వచ్చిన ఇద్దరు స్నేహితులదీ ఇదే అనుభవం. అందుచేత సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఒకే రకం అట్ట ముక్కలకు ఒకే లేసు అచ్చును నాలుగు జిగుర్లతో అతికించి, మా వంటింటి గోడకు తగిలించి చూశాను. పిల్లలు వాడే గ్లూ స్టిక్ వారానికే రాలింది. తెల్ల జిగురును నీళ్ళు కలపకుండా, పాత ఏటీఎం కార్డు అంచుతో పలచగా లాగి అతికిస్తే బాగానే నిలిచింది. మైదా లై అన్నింటికంటే చదునుగా, ముడత లేకుండా వచ్చింది. గోడ పోస్టర్లకు మనవాళ్ళు ఊరికే వాడలేదు. కాని నెల తిరక్కుండానే దానికి వెండిపురుగు తగిలి, లేసు అంచును జల్లెడ చేసింది. పుస్తకాల బైండింగు చేసేవారు లైలో మైలతుత్తం కలపడం ఇందుకే. అది విషం కనుక వంటింటి గిన్నెల్లో, పిల్లలున్న చోట ఆ ప్రయోగం నేను చేయలేదు. ఆక్రిలిక్ మ్యాట్ మీడియం (రంగు కలపని, మెరుపు లేని ఆక్రిలిక్ జిగురు) ఖరీదు ఎక్కువే గాని దీపావళి వరకు దానికి ఏమీ కాలేదు. దీనితో పాటు అట్ట వెనుక కూడా అదే సైజు కాగితం అతికించి, రెండు వైపులా బటర్ పేపరు వేసి, మా అమ్మ సన్నికల్లు పెట్టి రాత్రంతా ఉంచితే పలక బల్లపరుపుగా వచ్చింది. ఇదంతా శిబిరంలో ఒక పూట నేర్పదగిన విషయమే. ఈ నేలలో నేర్పేవారు ముందు చెప్పవలసింది కూడా ఇదే.

చివర వార్నిష్ గురించి కూడా ఒక హెచ్చరిక. వాళ్ళు స్ప్రే వార్నిష్ కొట్టి ఇచ్చిన నాలుగైదు పలకల మీద తెల్లటి మసక కమ్మింది. తేమ గాలిలో స్ప్రే వార్నిష్ అలాగే పాలిపోతుంది. వానాకాలంలో నీటితో కలిసే వార్నిష్‌ను కుంచెతో పూయడం మేలు.

సామగ్రి పెట్టెలో అరచేతి కంటే కొంచెం పెద్ద కృత్రిమ జెల్ ప్లేటు, రోలరు, ఆరు రంగులు, మూడు స్టెన్సిళ్ళు, ఒక సీసా జిగురు, కుంచె ఉన్నాయి. ప్లేటు నాణ్యత బాగుంది. కాని దాన్ని నునుపైన ప్లాస్టిక్ రేకుల మధ్య పెట్టకుండా అచ్చు వేసిన అట్టకు ఆనించి సర్దారు, ఆ అట్ట గరుకు ప్లేటు ముఖం మీద దిగింది. ప్రతి అచ్చులోనూ ఇప్పుడు ఆ గరుకు కనిపిస్తోంది. రోలరు రబ్బరుకు నిలువునా అతుకు గీత ఉంది, ఒక్కో చుట్టుకూ ఒక్కో గీత వేస్తుంది. రంగుల్లో తెలుపు, నలుపు పర్వాలేదు. ఎరుపు సుద్దలా ఉంది, రెండు పూతలు వేసినా అడుగు కనిపిస్తూనే ఉంటుంది. స్టెన్సిళ్ళు పలచటి ఓహెచ్‌పీ షీట్లతో (పారదర్శకమైన ప్లాస్టిక్ రేకులతో) కోసినవి, రెండోసారికే చుట్ట చుట్టుకున్నాయి. ఎక్స్‌రే ఫిల్ము గొప్పదనం మధ్యాహ్నమంతా చెప్పిన మనుషులే పెట్టెలో ఇవి పెట్టడం నాకు అర్థం కాలేదు. జిగురు సీసా గురించి పైనే రాశాను. విడిగా ఒక మంచి ప్లేటు, అతుకు లేని రోలరు, మూడు ప్రాథమిక రంగులతో పాటు తెలుపు కొనుక్కుంటే ఇంచుమించు అదే ఖర్చులో ఏళ్ళ తరబడి పనికొస్తాయి.

వెళ్ళదలచిన వారు డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్ళండి. అప్పుడు గాలి పొడిగా ఉంటుంది, ప్లేటు చెమర్చదు, పలక అదే రోజు ఆరుతుంది, పంటు ఆగిపోయే భయం కూడా ఉండదు. పాత పెళ్ళి కార్డులు, పంచాంగాలు, రసీదులు ఇంట్లో ఉంటే జిరాక్సులు తీసుకెళ్ళండి. పత్రిక కాగితం మాత్రం వద్దు, రెండేళ్ళలో పసుపుపచ్చగా మారి పెళుసెక్కుతుంది. మొదటి రోజుకు మాత్రమే ఫీజు తీసుకుంటారా అని అడిగి చూడండి. నేను అడగలేదు, అడిగి ఉండవలసింది. అతికించడం గురించి నేను రాసిన నాలుగు ముక్కలను, గోడకు తగిలించిన అట్టల ఫొటోలతో సహా వాళ్ళకు పంపాను. అమ్మగారు ఫోను చేసి, వెనుక కాగితం సంగతి మళ్ళీ ఒకసారి చెప్పించుకుని రాసుకున్నారు. మాస్టారు మాత్రం, "మా ఇంట్లో పలకలకు ఏమీ కాలేదండి" అన్నారు. వాళ్ళ పలకలన్నీ వంటింటి పొయ్యి గోడకు వెనుక పక్క ఉన్నాయి, నేను చూశాను.

నా పలకను ఊడదీసి, మ్యాట్ మీడియంతో మళ్ళీ అతికించి, సన్నికల్లు కింద రెండు రాత్రులు ఉంచి, ఉత్తరపు గోడకు తగిలించాను. మధ్యలోని బొబ్బ పోయింది. ఎడమ చేతి కింది మూల, సరిగ్గా వరద నీటి గీత మొదలయ్యే చోట, బియ్యపుగింజంత మేర కాగితం ఇంకా లేచే ఉంది. పుష్యమాసం వచ్చి గాలి పూర్తిగా పొడిబారాక దాన్ని దింపి, ఆ మూల మళ్ళీ అతికిస్తాను.